ఫ్లైఓవర్ కింద కంచె

మీరా హుస్సేన్ మోపెడ్‌కు రెండు పక్కలా నీళ్ల క్యాన్లు కట్టుకుని ఫ్లైఓవర్ కిందికి వచ్చేసరికి పొద్దున ఏడైంది. అప్పుడే ఎండ చురుక్కుమంటోంది. ఒక క్యాన్ దించి, నడుం పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాడు. నలభై ఏళ్లు వెల్డింగ్ షాపులో వంగి వంగి అరిగిన నడుం అది. దానికి ఇప్పుడైనా విశ్రాంతి ఇవ్వాల్సింది పోయి, చచ్చిన మొక్కలకు నీళ్లు మోయిస్తున్నాడు.

మొక్కలు చచ్చాయని అతనికి తెలుసు. అయినా పోస్తాడు. మానేస్తే తనే చంపినట్టవుతుందని భయం.

గోరంట్ల రోడ్డు వచ్చి బెంగళూరు హైవేను ఎక్కే చోటది. ఫ్లైఓవర్ కట్టినవాళ్లు కింద అరెకరం నేలను గాలికి వదిలేసి పోయారు. కంకర, సిమెంటు పెచ్చులు, తారు ముద్దలు, సీసా పెంకులు. పక్కనున్న శాంతినగర్ జనం ముక్కు మూసుకుని దాటేవాళ్లు. కిందటేడు సిమెంటు షాపు విష్ణువర్ధన్‌కు పౌరుషం పుట్టింది. "మన కాలనీకి ముంగిలప్పా ఇది! పార్కు చేస్తాం" అన్నాడు. వాట్సాప్‌లో సుందరీకరణ కమిటీ వెలిసింది. ముప్పై రెండు మంది చేరారు. మొదటి ఆదివారం పారలు పట్టుకొచ్చింది పదకొండు మంది, రెండో ఆదివారం ఐదుగురు. శాంతినగర్‌లో మాటలు కోటలు దాటుతాయి గానీ కాలు గడప దాటదు. మూడో నెలకు మిగిలింది మీరా హుస్సేన్ ఒక్కడే. మిగతావాళ్లు అతను పెట్టే ఫోటోలకు బొటనవేలు ఎత్తి చూపిస్తారు.

హైవే ఆఫీసువాళ్లు గడువు పెట్టారు. ఈ వానకాలం దాటేలోగా పచ్చబడకపోతే స్థలాన్ని లారీల పార్కింగుకు ఇచ్చేస్తారట. మీరా హుస్సేన్ ఇల్లు సరిగ్గా దాని ఎదురుగానే ఉంది. భార్య హబీబాకు ఉబ్బసం. ఇప్పటికే ఊపిరాడక అర్ధరాత్రి లేచి కూర్చుంటుంది. వాకిట్లో ఇరవై లారీలు పొగ కక్కితే ఆమె గతేమిటి? అతను నీళ్లు మోసేది కాలనీ అందం కోసం కాదు, ఆమె ఊపిరి కోసం.

మొదట నర్సరీ నుంచి రంగురంగుల క్రోటన్లు తెచ్చారు. తర్వాత పచ్చగడ్డి పరిచారు. రెండూ మాడిపోయాక వేప, కానుగ నాటారు. ఆఖరికి కానుగ కూడా కళ్లు తేలేసింది. ఈ సీమలో కానుగే బతకలేదంటే ఆ నేలలో ప్రాణం లేదన్నమాటే.

ఆ మధ్యాహ్నం సంగటి వడ్డిస్తూ హబీబా అంది: "నువ్వు నీళ్లు పోస్తాండేది రాళ్లకప్పా. మీ నాయన చవుడు చేనును ఎట్ల బాగు చేసినాడో మర్సిపోయినావా?"

నిజంగానే మరిచిపోయాడు. ఏటా వానలకు ముందు వాళ్ల నాయన గొర్రెల కాపరిని బతిమాలి పిలుచుకొచ్చి, చేలో నాలుగు రోజులు మంద నిలిపించేవాడు. గొర్రెలు పడుకున్న చోట పెంటికలు, మూత్రం కలిసి, తొలి వానకు నేల మెత్తబడేది. ఎంత పాడు నేలైనా తేరుకునేది.

మంద అనగానే ముద్ద కంచంలోనే వదిలేశాడు. దగ్గర్లో మంద ఉన్నది బయ్యన్నకే. అతని గొర్రెలు అరవై, మిట్టమధ్యాహ్నం ఆ ఫ్లైఓవర్ కిందే నీడకు పడుకునేవి. అటునుంచి అటే అవతలి చెరువుకు పోయేవి. మొదటి క్రోటన్లలో కొన్నింటిని అవి మేసేశాయని విష్ణువర్ధన్ కంచె వేయించాడు. ఆ కంచెకు స్తంభాలు పాతి, జాలీ అతికి, 'గొర్రెలకు ప్రవేశం లేదు' అని బోర్డు బిగించింది మీరా హుస్సేనే.

"ఉసేనన్నా, నా దావ మూస్తాండావు" అన్నాడు ఆ రోజు బయ్యన్న.

"కమిటీ తీర్మానమప్పా, నేనేం చేసేది?" అన్నాడు ఇతను, ముఖం ఎత్తకుండా.

తిన్న చేయి కడుక్కుని బయలుదేరాడు. ఏం మొహం పెట్టుకుని అడగాలి? తిడితే పడదాం, కాళ్లు పట్టుకోమంటే పట్టుకుందాం అనుకుంటూ పోయాడు.

బయ్యన్న దొడ్డి ఖాళీగా ఉంది. ముళ్లకంప మూలన ఒక కుంటి గొర్రె ఒంటరిగా నెమరేస్తోంది. బయ్యన్న గుడిసె నీడలో కూర్చుని ఉన్నాడు.

"రాన్నా, కూచో. ఏమిట్ల వచ్చినావు?"

"మంద యాడికి పోయిందప్పా?"

"అమ్మేసినా."

"ఎందుకప్పా?"

"దావ లేదు కదన్నా." బయ్యన్న గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. "మీరు కంచె కట్టినాక చెరువుకు పోవల్లంటే హైవే దాటల్ల. మార్చిలో ఒగ దినం లారీ వచ్చి తొక్కేసింది. పద్నాలుగు పోయినాయి. నా కండ్ల ముందరే. ఇంగ ఆ రోడ్డు మీదికి నేను తోల్లేకపోయినా. ఇదొగటే మిగిలింది, కాలు ఇరిగినదాన్ని ఎవురు కొంటారు?"

మీరా హుస్సేన్‌కు గుర్తొచ్చింది. మార్చిలో ఆ ఫోటో కమిటీ గ్రూపులో వచ్చింది. రోడ్డంతా నెత్తురు, ఉన్ని. 'హైవేపై పశువులను వదలరాదు' అని ఎవరో రాశారు. అందరితోపాటు తనూ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఎవరి గొర్రెలని అడగలేదు. తన కంచెకు నూరు గజాల దూరంలో జరిగినదాన్ని ఫోన్‌లో చూసి దండం పెట్టి, ఆ పూట కూడా మొక్కలకు నీళ్లు పోసుకున్నాడు. ఇప్పుడు ఆ బొమ్మ తలుచుకుంటే తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

"తప్పు చేసినా బయ్యన్నా" అన్నాడు.

వచ్చిన పని అతను చెప్పలేదు. బయ్యన్నే మళ్లీ మళ్లీ అడిగి చెప్పించాడు. తర్వాత లేచి, దొడ్డిలోంచి పార తీశాడు.

"మంద లేదు గానీ ఎరువు ఉండాది. మూడేండ్లది. గొర్లే లేనప్పుడు ఇది నాకేంటికి? అక్కకు ఉబ్బసమంట కదా. తీసుకపో."

ఇద్దరూ కలిసి పద్దెనిమిది గోతాలు నింపారు. ఒక్కో గోతం ఎత్తుతుంటే నడుం కన్నా గుండె ఎక్కువ నొచ్చింది.

మర్నాడు మీరా హుస్సేన్ గోతాలతోపాటు షాపులోని గ్యాస్ కటర్ కూడా ఆటోలో వేసుకొచ్చాడు. ముందు బోర్డు కోశాడు. తర్వాత తను వేసిన అతుకులనే ఒక్కొక్కటీ కోసుకుంటూ ఎనిమిది అడుగుల జాలీ దించేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే ఉందని తెలుసు. అరవై గొర్రెలు నడవాల్సిన దారిలో ఒక్క కుంటి గొర్రె నడిచి వచ్చి, స్తంభం నీడలో ముడుచుకుని పడుకుంది. బయ్యన్న దాని పక్కన కూర్చున్నాడు.

సాయంత్రం నాలుగింటికి గ్రూపులో విష్ణువర్ధన్ తెగిన కంచె ఫోటో పెట్టాడు. 'ఎవడో మన కంచె కోసినాడు. పోలీసు కంప్లైంట్ ఇస్తాం. అందరూ సపోర్ట్ చేయండి.' అప్పటికే పందొమ్మిది బొటనవేళ్లు లేచి ఉన్నాయి.

మీరా హుస్సేన్ కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు: 'కోసింది నేనే. కట్టింది కూడా నేనే. మార్చిలో సచ్చిన పద్నాలుగు గొర్లు బయ్యన్నవి.'

అందరూ చదివారు. ఒక్క బొటనవేలూ లేవలేదు.