రెండో బటన్

చంద్రకాంత్‌కు కాలు ఒకచోట నిలవదు. టీవీ చూస్తూ చూస్తూ లేచిపోతాడు, అన్నం మధ్యలో వాకిట్లోకి వెళ్ళొస్తాడు. డాక్టరు బీపీ ఎక్కువుందన్నాక కూతురు నిషిత పట్టుబట్టింది. ఆమె ఇస్నాపూర్‌లో ఒక బడిలో డ్రాయింగ్ టీచర్. పటాన్‌చెరులో మూతబడ్డ గోదాము ఒకటి ఇప్పుడు ఆర్ట్ గ్యాలరీ అయింది. ఆదివారం పొద్దున అక్కడ అందరూ కలిసి ధ్యానం చేస్తారట. తర్వాత బొమ్మలు వేసినామె వచ్చినవాళ్ళతో మాట్లాడుతుందట.

"నా వల్ల గాదు బిడ్డా. ఊకె కూసుంటే నాకు పానం పోయినట్టైతది."

"గందుకే రమ్మంటున్న నాయినా. ఇరవై నిమిషాలే."

ఓ నలభై మంది చాపల మీద సర్దుకున్నారు. చంద్రకాంత్ గోడల వైపు చూడకుండా తలుపు దగ్గరి చోటు వెతుక్కున్నాడు. ధ్యానం చేయించే మురళీమోహన్ గారు కళ్ళు మూసుకొమ్మన్నారు, శ్వాసను గమనించమన్నారు. గది సద్దుమణిగింది. హైవే మీద లారీలు పోతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. రెండు నిమిషాలు కాలేదు, పిక్క లాగడం మొదలైంది. మెడ వెనక చెమట పట్టింది. ఇక ఆగలేక కళ్ళు తెరిచాడు.

ఎదురుగా గోడ మీద తలుపంత చెయ్యి. ఎడమ చెయ్యి. చూపుడు వేలూ నడిమి వేలూ సగానికి లేవు. మణికట్టు మీద వేడి రేకు తగిలిన మచ్చ ఉంది. ఆ మచ్చ పడ్డ రోజు దానికి బర్నాల్ రాసింది తనే.

సుందర్‌రాజు చెయ్యి అది.

పదకొండేళ్ళ కిందట ఇద్దరూ ఒకే కంపెనీలో, రేకులు వంచే ఒకే ప్రెస్ మిషన్ మీద షిఫ్టు మార్చుకునేవాళ్ళు. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే ఆ ప్రెస్ దిగుతుంది, చేతులు కింద ఇరుక్కోకుండా. కానీ అలా చేస్తే పని సాగదు. ఆ రోజు చంద్రకాంత్ ఎడమ బటన్ మీద చెక్కముక్క పెట్టి బిగించాడు. ఒక చేత్తో బటన్ నొక్కుతూ, ఇంకో చేత్తో రేకు అందిస్తూ షిఫ్టు గడిపాడు. దిగిపోయేటప్పుడు ముక్క తీయడం మరిచాడు. బట్టలు మార్చుకుంటుండగా కేక వినిపించింది. పరుగెత్తాడు. అందరూ సుందర్‌రాజును ఎత్తుకుంటుంటే, చంద్రకాంత్ మాత్రం ముందు ఆ చెక్కముక్క పీకి జేబులో వేసుకున్నాడు.

ఎంక్వయిరీలో తప్పు సుందర్‌రాజుదే అని రాశారు. చంద్రకాంత్ నోరు మెదపలేదు. కొన్ని నెలలకు వేరే కంపెనీకి మారిపోయాడు.

గంట మోగింది. అందరూ కళ్ళు తెరిచి ఒళ్ళు విరుచుకున్నారు. బొమ్మలు వేసినామె ముందుకొచ్చింది. పేరు క్లారా. పెద్ద చెయ్యి ఎవరిదని ఎవరో అడిగారు.

"మా డాడీది. ఎట్లైందో ఆయన ఎన్నడు చెప్పలే. అడిగితే మిషన్ అంటడు, గంతే. అడుగుడు బందువెట్టి, గీసుడు షురు చేసిన."

చంద్రకాంత్ లేచి నిలబడ్డాడు. బయటికి పోతాడేమోనని నిషిత చెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకున్నాడు.

"మిషన్ గాదమ్మా. నేను."

అక్కడే, అంతమంది ముందు, చెక్కముక్క సంగతి చెప్పాడు. జేబులో వేసుకున్నదీ చెప్పాడు. చివరికొచ్చేసరికి నిషిత చాప వైపే చూస్తోంది.

క్లారా మొహం గట్టిపడింది.

"నాకు చెప్పుడెందుకంకుల్? డాడీ ఇంట్లనే ఉన్నడు, పటేల్‌గూడల. ఆయనకు చెప్పున్రి. నడువుండ్రి, నేనొస్త."

ముగ్గురూ ఆటో ఎక్కారు. చంద్రకాంత్ రెండుసార్లు దిగిపోదామనుకున్నాడు. పక్కన నిషిత ఉంది. ఆమె ఇంకా తన వైపు చూడలేదు.

సుందర్‌రాజు మెట్ల దగ్గర కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. చంద్రకాంత్‌ను చూసి కుడిచెయ్యి ఆపాడు.

"సుందరన్నా..." అన్నాడు చంద్రకాంత్. అనుకున్నవన్నీ మరిచిపోయి, "ఆ చెక్క పెట్టింది నేనే" అని ఒక్క ముక్కలో చెప్పేశాడు.

"ఎరికే."

"ఎరికేనా?"

"షిఫ్టు ఎక్కంగనే చూసిన. తీసేద్దామనుకున్న. జల్దీ అయితది గదా, ఉండనియ్ అనుకున్న. నీ తప్పెంతో నా తప్పంతే."

"మరి ఎంక్వయిరీల చెప్పకపోతివి?"

"నా కొలువు ఎట్లైనా పోయేదే. నీదెందుకు పోగొట్టాలె? గప్పుడు నీ పిల్ల చిన్నది."

నిషిత అప్పుడు తండ్రి వైపు చూసింది. చంద్రకాంత్ చేతులు జోడించబోయాడు. సుందర్‌రాజు వారించాడు.

"గీ దండాలు వద్దు. గని ఒక్కటడుగుత. దవాఖానల పడి ఉంటి, చంద్రం. వస్తవని రోజు తలుపు దిక్కు చూసిన. ఒక్కనాడు రాకపోతివి. పదకొండేండ్లు! వేళ్ళ నొప్పి ఆరు నెలలల్ల తగ్గింది. గిది తగ్గలే."

పొద్దుటి నుంచి లేచిపోవాలని కొట్టుకుంటున్న మనిషి ఇప్పుడు కదల్లేక మెట్టు మీద కూలబడ్డాడు. భయపడ్డానని చెప్పాలనుకున్నాడు. అది కూడా సాకులాగే అనిపించి మానుకున్నాడు.

క్లారా తండ్రి కుర్చీ పక్కన కింద కూర్చుంది. "గింత తెలిసి నాకు చెప్పలేదేంది డాడీ?" అంది. కోపమో ఏడుపో తేలని గొంతు.

"చెప్తే నువ్వు గీ మనిషిని గీస్తుంటివి. నా చెయ్యి గీయకపోతుంటివి" అన్నాడు సుందర్‌రాజు. చంద్రకాంత్ వైపు తిరిగి అడిగాడు, "ఎట్లుందయ్యా ఆ బొమ్మ? నేనింకా పోలే. గోడ మీద నా చెయ్యి నేను చూసుకోవాలంటే గుండె పట్టేసుకుంటది."

"నీదే అన్నా. మచ్చతోని సహా."

"బుధారం తోల్కపోతవా?"

"తోల్కపోత."

మన్నించానని సుందర్‌రాజు అనలేదు, మన్నించమని చంద్రకాంత్ అడగలేదు. బుధవారం అతను సగం రోజు సెలవు పెట్టి, చెప్పిన వేళకు గంట ముందే పటేల్‌గూడ చేరాడు. సుందర్‌రాజు అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.