ఊపిరి తీసుకునే చోటు

"పొయ్యి ఊదే రోజులు పోయాయని మా కోడలు ఫ్లూటు ఊదుతోంది" అంటారు మా అత్తగారు, ఇంటికి ఎవరొచ్చినా. వచ్చినవాళ్ళు నవ్వుతారు. కాఫీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వుతాను. జోకు బాగానే ఉంటుంది మరి, కాదనను. ఒళ్ళు మండేది ఆ తర్వాత మా ఆయన అనే మాటకి: "ఏదో దాని సరదా, కానీండి." అరవై మంది కలిసి వాయించే ఆర్కెస్ట్రాలో నేను జీతం తీసుకుని ఫ్లూటు వాయిస్తాను. ఆ జీతంతో కొన్న సోఫాలోనే కూర్చుని, దాన్ని సరదా అంటారు మహానుభావుడు.

సర్దుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు. కుక్కర్ విజిల్ వేసేలోపు ఒక పేజీ సాధన, బట్టలు నానేలోపు ఇంకో పేజీ. రిహార్సల్ ఆలస్యమైతే భుజాన బ్యాగు ఉండగానే పొయ్యి వెలిగిస్తాను.

ఈసారి మా ఆర్కెస్ట్రా కోసం ఒక అమ్మాయి కొత్త సంగీతం రాసింది. ఇంతవరకూ ఎవరూ విననిది. మొదటిసారి వినిపించేది మేమే. మధ్యలో మిగతా వాద్యాలన్నీ తగ్గిపోయి ఫ్లూటు ఒక్కటే పొడుగ్గా సాగే భాగం ఉంది. అది నాది. దాన్ని సరిచూసుకోవడానికి ఒకరోజు రిహార్సల్ అయ్యాక ఆ అమ్మాయీ నేనూ ఖాళీ హాల్లో కూర్చున్నాం. రాసినంత పొడుగు వాయించడానికి నాకు ఊపిరి చాలడం లేదు. చెప్పలేదు. మధ్యలో ఒక స్వరం మింగేసి, ఆ సందులో గాలి పీల్చుకున్నాను. ఫ్లూటువాళ్ళకి ఇది అలవాటే.

ఆ అమ్మాయి చెయ్యెత్తింది. "అక్కా, ఆ స్వరం ఏమైంది?"

"ఊపిరి అందలేదమ్మా. సర్దుకున్నాన్లే, ఎవరికీ తెలీదు."

"ఎందుకు సర్దుకోవడం?" పెన్సిలు బల్లమీద పడేసింది. "ఎప్పుడో పోయినవాళ్ళ సంగీతమైతే సర్దుకోవాలి, అడగడానికి వాళ్ళు లేరు గనక. నేను ఎదురుగా బతికే ఉన్నానుగా! కుదరదని చెప్పొచ్చుగా! ఎక్కడ ఊపిరి కావాలో చెప్పండి."

నాకు ఏడుపొచ్చింది. ఈ వయసులో ఇంత చిన్న ప్రశ్నకి ఏడుపేమిటని సిగ్గు కూడా వేసింది. ఎవరికీ నా వల్ల ఇబ్బంది కలగకూడదనే ఆరాటంలో, నాకేం కావాలని అడిగితే చెప్పడమే మర్చిపోయాను. తడుముకుంటూ రెండు చోట్లు చూపించాను. ఆ అమ్మాయి అప్పటికప్పుడే చెరిపి రాసింది. "ఇక్కడ వయొలిన్లన్నీ ఒకే స్వరం పట్టుకుని నిలబడతాయి. మీరు నిదానంగా తీసుకోండి" అంది. మర్నాడు రిహార్సల్లో నిజంగానే నిలబడ్డాయి. నేను ఊపిరి తీసుకున్నాను. అబ్బ, ఎంత హాయి!

శనివారం సాయంత్రపు ప్రదర్శనకి ఇంకా వారం ఉందనగా మా ఆయన భోజనం చేస్తూ అన్నారు: "శనివారం సాయంత్రం మా ఆఫీసు డైరెక్టరు వాళ్ళని భోజనానికి పిలిచాను. నీ ఊదుడు ఇంకెవరికైనా అప్పజెప్పు. కొత్త పాటేగా, ఎవడికి తెలుస్తుంది తేడా?"

'సరేలెండి' నాలిక చివరిదాకా వచ్చింది. ఇంకెవరో వాయిస్తారు, నిజమే. కానీ వయొలిన్లు ఆగేది నా ఊపిరి కోసం. ఇన్నేళ్ళుగా ఈ మనిషి కూడా నా ఎదురుగానే కూర్చుని తింటున్నారు. కుదరదని ఒక్కసారైనా చెప్పి చూశానా నేను?

"కుదరదండీ" అన్నాను. "భోజనం ఇంకో రోజుకి మార్చుకోండి. లేదంటే మీరే వండండి."

అత్తగారు తినడం ఆపి మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశారు.

"పిలిచేశాక మాట మారిస్తే నా పరువేం కావాలి? వాళ్ళకేం చెప్పమంటావ్?" అన్నారు మా ఆయన.

"మా ఆవిడకి ఆ పూట పనుందని చెప్పండి."

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో నా ఫ్లూటుని పని అనడం అదే మొదటిసారి. అన్నది నేనే.