అంకమ్మ నంబరు

అంకమ్మ మిరపకాయ తొడిమను బొటనవేలి గోటితో గిల్లి, కాయను ఒకపక్కకీ తొడిమను ఇంకోపక్కకీ విసిరింది. పెదకాకాని దగ్గరి కోల్డ్ స్టోరేజి షెడ్డులో పెళ్లయిన నాటినుంచి ఆమె చేస్తున్నది ఇదే పని. ముక్కుకు కొంగు చుట్టుకుని, కళ్లు చికిలించి, గోనెపట్టా మీద గొంతుక్కూర్చుంటుంది. ఆ ఘాటుకు చర్మం పొరలుపొరలుగా లేచి, బొటనవేలు గులకరాయిలా నున్నబడింది. అది మనిషి వేలని వేలిముద్ర మిషనుకు ఎన్నడూ తోచలేదు. ముఠాలో ఆడవాళ్లందరిదీ ఇదే అవస్థ. అందుకని మేస్త్రీ వీరాంజనేయులే తన వేలు వేసి అందరి సిమ్ములూ తన పేరున తీసిపెట్టాడు. ఉపకారమే చేశాడు, ఎవరూ తప్పనుకోలేదు.

ఈ మధ్య షెడ్డులో సిగ్నలు అందడం లేదు. నంబరు ఉంచుకుని కంపెనీ మారదామని, మధ్యాహ్నం అన్నాలయ్యాక ముఠా అంతా మేస్త్రీని వెంటేసుకుని రోడ్డు మీది గౌస్ బాషా ఫోన్ల కొట్టుకు నడిచింది. కొత్త రూల్సు వచ్చాయన్నాడు గౌస్ బాషా. ఎవరి పేరున ఉంటే వాళ్లే వేలు వేయాలట. ఒకరి పేరున ఇన్నే ఉండాలట. మేస్త్రీ పేరున ఒకటి ఎక్కువైంది, అది తీసేస్తేగాని మిగతావి కదలవు. ఆడవాళ్లు నోరారా తిట్టారు. రేట్లు పెంచినప్పుడు కనపడని రూల్సు పోతామంటే అడ్డొస్తాయా అని నసీమున్నీసా బల్ల చరిచింది. తిట్లకు మిషను చలించలేదు. ఒకటైనా తగ్గించడానికి ఎవరి నంబరు వాళ్ల పేరునే మారుద్దామని, అంకమ్మతో సహా అందరి వేళ్లూ తడిపి, తుడిచి, మళ్లీ మళ్లీ నొక్కించారు. మిషను ఒప్పుకోలేదు.

మరి ఏది తీసేయాలి? నసీమున్నీసా మొగుడికి డయాలసిస్, ఆస్పత్రి నుంచి ఫోన్లొస్తాయి. ఇంకొకామె కూతురికి నెలలు నిండాయి. అందరూ తమ అవసరం గట్టిగానే చెప్పుకున్నారు. అంకమ్మకు ఆ విద్య ఎప్పుడూ రాలేదు.

"అంకమ్మక్కా, నీకు మీవాడొక్కడేగా చేసేది? ఆదివారం ఆదివారం చేస్తన్నాడంటివిగా. ఈసారి చేసినప్పుడు నసీమున్నీసా నంబరు చెప్పు" అన్నాడు మేస్త్రీ మెత్తగా.

ఆ ఆదివారం ఫోను అంకమ్మ కల్పించిందే. తండ్రి కొట్టాడని, ఊళ్లు తిరిగి బోర్లు వేసే బండి ఎక్కి పోయిన కొడుకు ఆ తర్వాత ఒక్కసారీ ఫోను చేయలేదు. ఎక్కడున్నాడో తెలియదు. వాడికి కంఠతా వచ్చిన నంబరు ఇదొక్కటే. కొడుకు వదిలేశాడా అని షెడ్డులో ఎవరో అడిగితే పరువు కోసం ఆ మాట అంది. తర్వాత ప్రతి సోమవారం వాడేం తిన్నాడో కూడా చెప్పుకొచ్చింది. ఇప్పుడు నిజం చెబితే నంబరు నిలుస్తుంది, తను నిలవదు. అంకమ్మ నోరు తెరిచింది.

"అట్టాగే చెప్తాలే మేస్త్రీ. ఆడికేం, ఏ నంబరైనా ఒకటే."

మేస్త్రీ వేలు వేశాడు. గౌస్ బాషా ఆమె ఫోనులోంచి సిమ్ము పీకి, ఇంక పనికిరాదమ్మా అన్నాడు. షెడ్డుకు తిరిగొచ్చి కాయల ముందు కూర్చున్నాక అంకమ్మ ఏడ్చింది. ఎవరూ ఎందుకని అడగలేదు. అక్కడ అందరి కళ్లూ ఎప్పుడూ కారుతూనే ఉంటాయి.

కొట్టులో బల్ల మీద, ఎవరో తాగి వెళ్లిన టీ గ్లాసు తడిలో, గోరంత సిమ్ము అంటుకుని ఉంది.