ఎడమచేతి పిట్టలు

ఇంగిలీకం నూరేటప్పుడు నోరు తెరవకూడదు. ఆ ఎర్రపొడి గొంతులోకి పోతే పళ్ళు కదులుతాయి, చేతులు వణుకుతాయి. అందుకని స్టాటియా ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని, పలక ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని, రాతిగుండుని గుండ్రంగా తిప్పుతూ ఉంటుంది. పెళ్ళయి పదకొండేళ్ళు. మొగుడు ట్రెబియస్ గోడలకి బొమ్మలు వేస్తాడు. రోముకి దక్షిణాన స్టాబియే కొండ అంచున, సముద్రం కనపడేలా కలవాళ్ళు కట్టుకున్న విడిది ఇళ్ళలో సగం గోడల మీదున్నది అతని పనే. అతని పనే అని అందరూ అంటారు.

గోడ మధ్యలో ఉండే దేవుళ్ళూ దేవతలూ అతను వేసినవే. వాళ్ళ చుట్టూ వేలాడే పూలదండలు, పళ్ళబుట్టలు, దండల మీద వాలిన పిట్టలు మాత్రం స్టాటియావి. పెళ్ళయిన రెండో ఏట పనివాడొకడు జ్వరంతో పడిపోతే, "ఈ ఒక్క దండ కానిచ్చెయ్యవే, రేపు వాళ్ళొచ్చి చూస్తారు" అన్నాడు ట్రెబియస్. ఆ ఒక్క దండ ఇంకా అవలేదు. పొద్దున్నే నీళ్ళు మోసి, అత్తగారికి శనగలు ఉడకబెట్టి, రంగులు నూరి, గచ్చు కలిపి గోడకి మెత్తి, మిగిలిన పొద్దులో పిట్టలు వేసేది. ఎవరైనా వస్తున్న అలికిడైతే పరంజా దిగి చీపురు పట్టుకోవాలి. "ఆడది గోడెక్కిందని తెలిస్తే మన పనికి విలువుండదు" అనేవాడు. అత్తగారు పాక్వియా ఇంకో మాట అనేది. "మా ఇంటి ఆడవాళ్ళు ఉన్ని వడికారమ్మా. వాళ్ళ సమాధి రాళ్ళ మీద అదే చెక్కించారు. నీ రాయి మీద నా కొడుకు ఏం చెక్కిస్తాడు, సున్నం పిసికిందనా?" ఈ మాటలన్నీ స్టాటియా విని ఊరుకునేది. ఊరుకోవడం కూడా ఇంటిపనుల్లో ఒకటి. ఎవరూ గుర్తించకపోయినా రోజూ చెయ్యాల్సిందే.

ఆ వేసవిలో ఒక పెద్ద విడిది పని పట్టారు. ద్రాక్షకోతలకి ముందే రోమునుంచి యజమానురాలు వస్తుందట. దంతపు కాళ్ళ మంచాలు గడ్డి చుట్టుకుని బండ్ల మీద దిగుతున్నాయి. సింహం పాదాలున్న పాలరాతి బల్లని ఆరుగురు మోసుకొచ్చారు. మనిషెత్తు కంచు దీపస్తంభాలు నడవాలో వరసగా నిలబడ్డాయి, పెళ్ళికొచ్చి ఎక్కడ కూర్చోవాలో తెలియని చుట్టాల్లాగ. పెద్ద భోజనశాల గోడలు ట్రెబియస్ పూర్తిచేశాడు. సముద్రం వైపున్న చిన్నగది మాత్రం యజమానురాలు తనకోసం ఉంచుకుంది. దానికి స్మిర్నా నుంచి బొమ్మలు వేసే ఒక గ్రీకు ఆవిణ్ణి పిలిపించింది. పేరు హెడియా.

హెడియాకి యాభై ఏళ్ళుంటాయి. నెరిసిన జుట్టు ముడేసుకుని, చేతులు భుజాల దాకా ఎగగట్టుకుని, పరంజా మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేది. ఎవరొచ్చినా దిగేది కాదు. విడిది వ్యవహారాలు చూసే థాల్లస్ సేనాపతుల చుట్టాలనే గుమ్మంలో నిలబెట్టే మనిషి. ఆవిడతో మాట్లాడేటప్పుడు మాత్రం తనే నిలబడేవాడు. గచ్చు మెత్తడానికి మంచి చెయ్యి కావాలని ఆవిడ అడిగితే ట్రెబియస్ నవ్వుతూ, "మా ఆవిణ్ణి పంపిస్తాను. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు వాడుకోండి" అన్నాడు, గాడిదని ఎరువిచ్చినట్టు.

అప్పట్నుంచీ స్టాటియా కడుపులో ఏదో రగలడం మొదలైంది. మొదట అది మొగుడి గురించే అనుకుంది. అలా అనుకోవడం తేలిక, అందరికీ తెలిసిన జబ్బే కదా. రోజూ అన్నాల దగ్గర ట్రెబియస్ రొట్టెని చేపల ఊటలో ముంచుకుంటూ, "ఆ గీత చూశావుటే. ఒక్కసారి పెడుతుంది, మళ్ళీ దిద్దదు. నీళ్ళలో కాలు పెట్టిన ఆ పిల్ల బొమ్మ ఉంది చూడు, చలికి మునివేళ్ళు ముడుచుకున్నట్టు వేసింది" అనేవాడు. పాక్వియా శనగలు నములుతూ కోడలికేసి చూసి, "నెరిసిన జుట్టుదాని మీద మోజుపడ్డాడంటే ఇంట్లో ఉన్నది ఎలా ఏడిచిందో మరి" అనేది. స్టాటియా గిన్నెలు తీసుకుని లేచిపోయేది. ఆ ఆడమనిషి మీద అతనికి మోజు లేదని ఆమెకి తెలుసు. ఉన్నా ఇంత మంట పుట్టేది కాదు. పదకొండేళ్ళలో నా పిట్ట మునివేళ్ళు ఎప్పుడైనా చూశాడా అని, గిన్నెలు తోముతూ ఇసుకతో అరచేతులు గీరుకుపోయేలా రుద్దేది.

ఒకరోజు మధ్యాహ్నం హెడియా భోజనశాలలోకి వచ్చింది. ట్రెబియస్ అక్కడే ఉన్నాడు. స్టాటియా నేల మీద పడిన రంగు చుక్కలు తుడుస్తోంది. హెడియా మధ్యలో ఉన్న దేవుళ్ళని ఒకసారి చూసి, తిన్నగా మూలకి నడిచింది. అక్కడ అత్తిపండు పొడుస్తున్న పిట్ట ఉంది. ముక్కు గోడకి ఆనేంత దగ్గరగా వంగి చాలాసేపు చూసింది.

"ఇదెవరు వేశారు?" అంది.

"నా చెయ్యే" అన్నాడు ట్రెబియస్.

"ఈకల గీతలన్నీ ఎడమనుంచి కుడికి కిందకి వాలి ఉన్నాయి. ఎడమచేతి వాళ్ళు వేసినట్టుందే."

"అప్పుడప్పుడు చెయ్యి మారుస్తుంటానండీ, అలవాటు పోకుండా."

హెడియా వెనక్కి తిరిగింది. ఆవిడ చూపు ట్రెబియస్ మీంచి జారి, నేల తుడుస్తున్న గుడ్డ మీద, దాన్ని పట్టుకున్న ఎడమచేతి మీద ఆగింది. ఆగి, కదిలిపోయింది. "బాగుంది" అని ఒక్కమాట అని వెళ్ళిపోయింది.

ఆ మాట ఎవరితో అందో తెలియలేదు. పిట్ట ఎవరిదో తెలిసీ ఆవిడ ఊరుకుంది అనుకుంది స్టాటియా. అడగొచ్చుగా. ఈ చెయ్యి నీదేనా అని ఒక్కమాట అడిగితే ఏం పోయింది? కడుపు నిండినదానికి పక్కింటి ఆకలి వాసన తెలిసినా ముక్కు మూసుకుని పోతుంది. నీకు పరంజా దిగక్కర్లేదు, నోటికి గుడ్డ కట్టుకోనక్కర్లేదు, నీ రంగులు నేను నూరతాను, నీ గోడ నేను నున్నచేస్తాను, నీకేం. ఆ రోజు ఇంటికి వెళ్ళాక తన ఇంటి గోడ చూసుకుంది. పొయ్యి మసి తప్ప దాని మీద ఒక్క బొమ్మా లేదు. ఊరందరి గోడల మీదా తన పిట్టలున్నాయి. ఒక్కటైనా తన దగ్గర వాలలేదు.

నాలుగు రోజుల తర్వాత చిన్నగదిలో ఆఖరి గోడ మొదలైంది. తెల్లవారుతూనే మొదలుపెట్టి పొద్దెక్కేసరికి స్టాటియా పాలరాతి పొడి కలిపిన గచ్చు మెత్తింది. హెడియా వచ్చి కిందమూల ఒకచోట వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ ఇంకాస్త నున్నగా రావాలమ్మా. నా పేరు ఇక్కడ రాస్తాను. 'హెడియా చేసింది' అని, చిన్నగా."

స్టాటియా వంగి ఆ జానెడు చోటు నున్నచేసింది. అద్దంలా వచ్చేదాకా తాపీతో అదిమింది, అరచేత్తో రుద్దింది. ఇంకో ఆడదాని పేరుకోసం.

"నేను కాస్త తిని, నడుం వాల్చి వస్తాను. తడిగుడ్డలు కప్పి ఉంచు. కిటికీ తలుపులు మూసే ఉండనీ" అని హెడియా వెళ్ళింది.

గచ్చు తడిగా ఉన్నప్పుడు వేస్తేనే రంగు గోడలో భాగమవుతుంది. పై పొర ఒకసారి ఆరిందంటే ఎన్ని నీళ్ళు చల్లినా మళ్ళీ పట్టదు. ఈ సంగతి స్టాటియాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఆమె గుడ్డలు తీసేసింది. కిటికీ తలుపులు బార్లా తెరిచింది. మండే ఎండలోంచి సముద్రపు గాలి గదిలోకి దూసుకొచ్చింది. గోడ ముందు కూర్చుని, బూడిదరంగు గచ్చు అంచులనుంచి తెల్లబడుతూ రావడం చూసింది. లోపల మంట చల్లారుతున్నట్టే అనిపించింది. హెడియా వచ్చే వేళకి తలుపులు మూసి, గుడ్డలు బాగా తడిపి కప్పింది.

హెడియా కుంచె పెట్టగానే కనుబొమలు ముడిచింది. "రంగు ఇంత తొందరగా తాగేస్తోందేమిటి?"

"ఈ వైపు గాలి అంతేనండీ" అంది స్టాటియా.

మూడోరోజుకి నీలం చేతికి అంటుకోసాగింది. ఆకాశం, అందులో ఎగురుతున్న అమ్మాయి పైట, అన్నీ పొడిపొడిగా రాలుతున్నాయి. థాల్లస్ వచ్చి చూసి తెల్లబోయాడు. ట్రెబియస్ కూడా చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. హెడియా తన వేళ్ళకంటిన నీలాన్ని చూసుకుంటూ, "ఎవర్నీ అనకండి. తడి చూసుకోవాల్సింది నేను. నా గోడ, నా తప్పు" అంది.

ఆ మాటతో స్టాటియా గుండెల్లో ఆరిందనుకున్న మంట మళ్ళీ భగ్గుమంది. తప్పు కూడా ఆవిడ పేరునే ఉంది. ఈ మనిషి చెడగొట్టినది కూడా తనదని చెప్పుకోగలదు. పదకొండేళ్ళలో తనకి అదీ లేదు, ఇదీ లేదు. చివరికి తను చేతులారా చేసిన ద్రోహం కూడా ఇంకొకరి లెక్కలోకే పోయింది.

ట్రెబియస్ ఆమె పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "చూశావా. ఎంత చెప్పినా ఆడదాని చెయ్యి. పైపై మెరుగే గానీ నిలవదు. ఇక ఈ గది మనకే ఇస్తారు. రేపు ఎవరూ రాకముందే నువ్వు మొదలెట్టు. మధ్యలో బొమ్మ కూడా నువ్వే వెయ్యి, అలాంటివి నీకు బాగా వస్తాయి. నేను చివర్లో దిద్దుతాను."

బాగా వస్తాయి. ఆ మాట అతని నోట వినడం అదే మొదటిసారి, అదీ గుసగుసగా. ఆ చిన్నగది, సముద్రం వెలుతురు, మధ్యలో బొమ్మ, ఇన్నేళ్ళు కుళ్ళుకున్నదంతా చేతికందేంత దూరంలో ఉంది. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. ఊరుకోవడంలో ఆమెని మించినవాళ్ళు లేరు.

"థాల్లస్ గారూ" అంది స్టాటియా. "గుడ్డలు తీసింది నేను. కిటికీ తెరిచింది నేను. ఆవిడ తప్పు లేదు. కావాలనే ఆరబెట్టాను."

ట్రెబియస్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "దీనికి ఒంట్లో బాగాలేదండీ. ఎండదెబ్బ."

"భోజనశాలలో పిట్టలూ నావే" అంది ఆమె చెయ్యి విడిపించుకుంటూ. "దండలు, పళ్ళు అన్నీ. ఇదొప్పుకుని అది దాచుకోవడం నావల్ల కాదు."

"ఏమే, నా పరువు—"

"ఎడమచెయ్యి ఎవరిదో నాకు ఆ రోజే తెలుసు" అంది హెడియా. ఆవిడ గొంతులో జాలి లేదు. "కానీ నువ్వు నోరు విప్పకుండా నేను చెప్తే అది నా మాట అవుతుంది గానీ నీది కాదు. ఈ గోడకి బొమ్మ ఆలోచించుకోవడానికే నాకు పదిరోజులు పట్టింది, తెలుసా? నిన్ను చూస్తే నాకు ఒళ్ళు మండుతోంది."

"మండాలి" అంది స్టాటియా. "నాకూ మండుతోంది."

థాల్లస్ ఆమెని అప్పుడే గెంటేసేవాడు. హెడియా అడ్డుపడింది. "యజమానురాలు వచ్చేలోపు ఈ గోడ లేవాలి. ఇలా గచ్చు మెత్తే చెయ్యి ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది? చెడగొట్టినదే బాగుచేస్తుంది. నేను పక్కనే నిలబడి చూస్తాను." ట్రెబియస్ ఆ సాయంత్రంతో ఆ ఇంట్లో పని మానుకున్నాడు. "నాతో వస్తావా, ఇక్కడే ఉంటావా?" అని గుమ్మంలోంచి అడిగాడు. "పని ఉంది. రాత్రికి మీరూ అత్తయ్యా తినేసి పడుకోండి" అంది ఆమె.

మర్నాడు పొద్దున్న స్టాటియా తన చేతులతోనే ఆ గోడ చెక్కేసింది. సుత్తిదెబ్బకి ఎగిరే అమ్మాయి ముక్కలుగా రాలుతుంటే ఏడుపొచ్చింది, అంత బాగా వేసింది ఆవిడ. ఆ అసూయ ఇంకా తగ్గలేదు, తగ్గాలని ఆమెకీ లేదు. కొత్త గచ్చు మెత్తి, తాపీ కడిగి పక్కన పెట్టాక హెడియా గోడ అడుగున మూరెడు పట్టీ చూపించి, "ఇక్కడనుంచి ఇక్కడిదాకా నీది. బాగా రాకపోతే నేనే కొట్టించేస్తాను. ఎవరిదని అడిగితే నా పేరు చెప్పొద్దు" అంది.

స్టాటియా కుంచె తడిపింది. బయట నడవాలో అడుగుల చప్పుడైంది, ఎవరో పెద్దవాళ్ళే, చెప్పులు పాలరాతి మీద టకటకమంటున్నాయి. ఆమె కాళ్ళు అలవాటుగా లేవబోయాయి. బలవంతాన వాటిని మడిచి పెట్టుకుని, గుమ్మంకేసి చూడకుండా, మొదటి గీత పెట్టింది.