కీచురాయి మెదడులో పచ్చని చుక్కలు

సూక్ష్మదర్శినిని నేను. అంబాలాలోని ఒక షెడ్డులో నా మరలు బిగించి, కటకాలు తుడిచి, చెక్కపెట్టెలో వరంగల్లు పంపారు. విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో నన్ను చూసి అందరూ ఎంత మురిసిపోయారంటే, పాడైపోతానని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఏళ్ల తరబడి నేను చూసింది చీకటినే.

ఆ తాళం తీయించింది ఫర్హానా. కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన కూతురు. పరిశోధనకు కీచురాళ్లను ఎంచుకుంది. బాగా ఎదిగిన కీచురాయి మెదడులో కూడా కొత్త కణాలు పుడుతూనే ఉంటాయి. వాటిని పుట్టించేది మెదడు వెనక ఉన్న చిన్న గ్రంథుల్లో ఊరే బాల్య హార్మోనని, పురుగు పిల్లను పిల్లగానే ఉంచేదీ అదేనని ఆమె సమ్మయ్యకు చెబుతుంటే విన్నాను. సమ్మయ్య ఆ ప్రయోగశాల అటెండరు.

ఆవగింజంత మెదడును పలుచగా కోసి, రంగు పట్టించి నా కింద పెట్టేది. కొత్తగా పుట్టిన కణాలు పచ్చగా వెలిగేవి. గ్రంథులు తీసేసిన పురుగుల్లో దాదాపు ఏమీ వెలిగేది కాదు. వాటికే హార్మోను చుక్క వేసి చూసిన రోజు ఫర్హానా కుర్చీలోంచి లేచి అరిచింది.

"సమ్మయ్యన్నా, ఇటు రా! ఒక్క చుక్క ఏసిన, మల్ల పుట్టినయ్!"

సమ్మయ్య ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. "సుక్కలు పొడిసినట్టున్నయమ్మా," అన్నాడు.

ఇంకొన్ని పురుగుల మీద కూడా అలాగే తేలితే సిద్ధాంతవ్యాసం పూర్తయినట్టే. అంతలో డెంగీ జ్వరాలు వచ్చిపడ్డాయి. ఫర్హానా హైదరాబాదులో సదస్సుకు వెళ్లిన రోజున, దోమల మందు మనిషి ఒకడు వచ్చి మూలనున్న నీళ్ల డ్రమ్ములో గుళికలు పోశాడు. కీచురాళ్లు తాగేది ఆ నీళ్లే.

"పురుగులు సస్తయేమోనయ్యా," అన్నాడు సమ్మయ్య.

"ఇది సంపే మందు గాదన్నా. దోమపిల్లలను పెద్దగ కానియ్యది, గంతే."

నా లోపలి గాజంతా చల్లబడింది. పిల్లను పిల్లగానే ఉంచే మందు! ఆ హార్మోనుకు నకలు ఫ్యాక్టరీల్లో తయారవుతుందని ఫర్హానా చెప్పగా విన్నదాన్ని నేను. కీచురాళ్లు ఒక్కటీ చావలేదు. అందుకే ఆ సంగతి ఫర్హానాకు చెప్పాలని సమ్మయ్యకు తోచలేదు.

తరువాత నా కిందికి వచ్చిన ప్రతి మెదడులోనూ పచ్చని చుక్కలే. గ్రంథులు తీసేసి, హార్మోను వేయని వాటిలో కూడా. ఫర్హానా నా దీపం మార్చింది, రంగు మార్చింది, మళ్లీ మళ్లీ కోసింది. ఆమె ఊపిరికి నా కంటిఅద్దం మసకబారేది. నాకు చూపించడమొక్కటే వచ్చు. ఉన్నది ఉన్నట్టు చూపిస్తూ ఆమెను ముంచుతూ పోయాను.

"నీ చెయ్యి కుదరడం లేదమ్మా. గ్రంథి పూర్తిగా రావడం లేదు," అన్నారు గైడు తిరునగరి సారు. కొన్నాళ్లకు ఆయనే తలుపు దగ్గరగా వేసి, "ఈ స్లైడ్లు పక్కన పెట్టు. మొదట వచ్చినవే రాసెయ్. ఎవరు చూడొచ్చారు?" అన్నారు. ఆయన చెడ్డవారు కారు. ఆమె గట్టెక్కాలన్నదే ఆయన తాపత్రయం.

"నేను చూసిన గద సార్," అంది ఫర్హానా. "కండ్లతోని చూసినంక లేవని ఎట్ల రాయాలె?"

ఆమె రాయలేదు. ఫెలోషిప్పు గడువు తీరిపోయింది. వెళ్లేముందు కీచురాళ్ల పెట్టెలు తనే కడిగి ఎండబెట్టింది. ఆ డ్రమ్ములోని నీళ్లతోనే కడిగింది.

ఇప్పుడు నన్ను వరండాలో అద్దాల బీరువాలో పెట్టారు. మొన్న ఫర్హానా తను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. చెంపల మీద వెంట్రుకలు నెరిశాయి. నా ముందు ఆగింది.

"మేడం, పురుగు మెదడుల నిజంగనే కొత్త కణాలు పుడతయా?" అని ఒక అమ్మాయి అడిగింది.

"పుడతయ్. దీంట్లనే చూసిన," అంది ఫర్హానా. అద్దం మీద వేలు ఆనించింది. "పుట్టగూడని కాడ గూడ పుట్టినయ్. ఎందుకో ఇప్పటికీ తెల్వది నాకు."

అమ్మాయి తలూపి ముందుకు కదిలింది. ఆ వెనకే ఆమె కూడా వెళ్లిపోయింది.