పోశన్న నెత్తురు

దేవదాస్ గాజు సీసాలను పెట్టెలో వరసగా నిలబెట్టి, మరిగిన నీళ్లలోంచి సూదులను పటకారుతో తీస్తున్నాడు. పొద్దున్నుంచి ఇది మూడోసారి. స్టవ్వు పొగకు కళ్లు మండుతున్నాయి, గొంతుక్కూర్చుని మోకాళ్లు పట్టేశాయి. నిజామాబాద్ దవాఖానాలో ఇరవై రెండేళ్లుగా కాంపౌండరు. ఇన్నేళ్లలో ఆయన్ని పొగిడినవాళ్లు లేరు. తిట్టినవాళ్లకు కూడా పేరు గుర్తుండేది కాదు.

సిరికొండ దాటాక అడవి అంచున ఉన్న నాయకపోళ్ల గూడెం అది. పట్నం డాక్టరు ఇప్పచెట్టు కింద కుర్చీలో కూర్చున్నాడు. అడవిలో ఉండేవాళ్ల రక్తం మీద ఏదో పెద్ద పుస్తకం రాస్తున్నాడట. రక్తం తీయడానికి దేవదాస్‌ను వెంట తెచ్చుకున్నాడు. తెలుగు రాదు. మనిషి వచ్చి కూర్చోగానే, ఒప్పుకున్నాడా అని ఉర్దూలో ఒకటే మాట అడుగుతాడు.

"దేవదాస్, రాజీ హై?"

"రాజీ హై సాబ్."

నిజానికి దేవదాస్ ఎవరినీ అడగలేదు. అడగాలంటే ఎందుకో చెప్పాలి, చెబితే వంద ప్రశ్నలొస్తాయి, పొద్దుగూకుతుంది. అందుకని "జరం మందు కోసం, సెయ్యి సాపు" అనేసేవాడు. పోయినేడు ఇదే గూడెంలో నలభై మందికి అలాగే చెప్పాడు. అది అబద్ధమని కూడా తోచలేదు. పని తెమిలితే చాలు.

అంజవ్వ వంతు వచ్చింది. పసుపు తవ్వి తవ్వి గోళ్లు పచ్చబడిన మనిషి. చెయ్యి చాపలేదు.

"పోయినేడు మా ఇంటాయన నెత్తురు తీసుకపోతివి గదన్నా. పోశన్నది. వానకాలంల సచ్చిపోయిండు. గా నెత్తురు యాడున్నది?"

"ఎందుకు సెల్లె?"

"మాకు మనిషి వోతే ఆయనది ఏదున్నా ఆయనతోనే మట్టిల వెట్టాలె. ఎంటికెలు, గోర్లు, నెత్తురంటిన బట్ట, అన్నీ వెట్టినం. మీ సీసల ఉన్నదొక్కటే మిగిలె. ఆయన సగమే వోయిండని నాకు నిద్ర వడ్తలేదు."

ఆ సీసా దేవదాస్‌కు బాగా గుర్తు. తిరిగెళ్లేటప్పుడు చెరుకుబండికి దారి ఇవ్వబోయి జీపు గుంతలో పడితే, పగిలింది అదొక్కటే. పోశన్న పేరున్న చీటీ పారేసి, తుడిచేసి ఊరుకున్నాడు.

"రాజీ హై?" డాక్టరు మళ్లీ అడిగాడు.

దేవదాస్‌కు సిగ్గేసింది. నేలమీద చతికిలబడ్డాడు.

"పలిగింది సెల్లె. నేనే తుడ్సేసిన. గిది జరం మందుకు గాదు, సాబ్ పుస్తకం రాసుకునేందుకు. ఇష్టం లేకుంటే ఇయ్యకుండ్రి. నేను అప్పుడే అడగాలె. అడగలే."

వరసలో కూర్చున్నవాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"రాజీ నై సాబ్," అన్నాడు. ఇన్నాళ్లూ తను అడగనే లేదని కూడా చెప్పేశాడు. డాక్టరు మొహం ఎర్రబడింది. రేపటినుంచి రానక్కర్లేదని చెప్పి, పెట్టె ఎక్కించుకుని జీపులో వెళ్లిపోయాడు.

దేవదాస్ సిరికొండ వైపు నడక మొదలుపెట్టాడు. అంజవ్వ వెనకే వచ్చింది.

"దేంతోని తుడ్సినవన్నా?"

"తువ్వాలతోని. గీ భుజమ్మీదిదే. వందసార్లు ఉతికిన సెల్లె, మరకెప్పుడో వోయింది."

"వోతే వోనియ్యి. ఇస్తవా? నీకిష్టమైతేనే."

ఆ మాటకు దేవదాస్‌కు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకోవడానికి తువ్వాల ఎత్తబోయి ఆగి, చేతులతోనే తుడుచుకున్నాడు. తర్వాత దాన్ని రెండు చేతులా ఆమెకిచ్చి, బోసి భుజంతో వెళ్లిపోయాడు.

పోశన్నను మట్టిలో పెట్టిన చోట, అప్పుడే తవ్విన చిన్న గుంత పక్కన, నీలం గీతల తువ్వాల నాలుగు మడతలు వేసి ఉంది.