కచ్చేరిలో మాత్రమే కురిసిన వాన

అంతయ్య అబద్ధమాడడని ఎవరైనా అంటే ముందు నవ్వేది అతని పెండ్లాం బాలవ్వే. కల్లు మండువలో కూర్చున్న రోజు కచ్చేరిలో పని తెగలేదనేవాడు. కచ్చేరికి ఆలస్యమైన రోజు బాలవ్వకు జ్వరమనేవాడు. పాపం ఆమెకు ఏడాదికి నలభై జ్వరాలు వచ్చేవి, ఒక్కటీ ఆమెకు తెలియకుండానే. ఇంత ధారాళంగా బొంకే మనిషి ఒక్కచోట మాత్రం పొల్లు మాట రాసేవాడు కాదు. అది తాలూకా కచ్చేరిలోని వానడబ్బా పుస్తకం.

ఊరు ఖానాపూర్ అవతల, అడివి అంచున ఉంటుంది. పేరు చెప్పను. చెబితే ఆ ఊరి ఆడవాళ్లు ఇప్పుడైనా తగువుకొస్తారు, వాళ్ల సంగతి మీకు తెలియదు.

పోలీసు చర్య అయిన మరుసటేడు ఒక ఇంజనీరు వచ్చి కచ్చేరి ఆవరణలో మూరెడు ఎత్తు రేకు డబ్బా పాతించాడు. పైన మూతలా గరాటు, లోపల సీసా, పక్కన గీతలున్న గాజు గ్లాసు. అప్పుడే కొత్తగా చప్రాసీగా చేరిన అంతయ్యను పిలిచి, "నీ మనసులో ఉన్నది రాయకు, మబ్బులో ఉన్నది రాయకు. గాజులో ఉన్నది రాయి" అని చెప్పి పోయాడు. అంతయ్య జీవితంలో అతనికి ఒక పెద్దమనిషి నమ్మి అప్పజెప్పిన పని అదొక్కటే. అందుకేనేమో పదహారేండ్లుగా పొద్దున ఎనిమిదిన్నరకు డబ్బా మూత తీసి, గాజులో పోసి, చూసి, రాసేవాడు.

సైన్సు గొప్పతనం అంతయ్యకు ఆ డబ్బా దగ్గరే అర్థమైంది. మనుషుల గొప్పతనమూ అక్కడే అర్థమైంది. డబ్బా దగ్గరికి వచ్చేవాళ్లు వాన ఎంత పడిందని అడగడానికి వచ్చేవాళ్లు కాదు, ఎంత పడినట్టు రాయాలో చెప్పడానికి వచ్చేవాళ్లు. శిస్తు మాఫీ కావాల్సిన పటేలు తక్కువ రాయమని కోడిని పంపేవాడు. కట్టిన కట్ట కట్టినట్టే కొట్టుకుపోయిన గుత్తేదారు ఎక్కువ రాయమని ఇంకో కోడిని పంపేవాడు. అంతయ్య రెండు కోళ్లూ తిని, గాజులో ఉన్నది రాసేవాడు. అంగుళాలు పోయి మిల్లీమీటర్లు వచ్చిన ఏడాదైతే ఊరంతా సంబరమే. "నిరుడు ఒక్కటే పడె, ఈపారి ఇర్వై అయిదు పడ్డది! సర్కారు మారితె వాన గూడ మారుతది" అని అరుగుల మీద చెప్పుకున్నారు. అంతయ్య ఎవరికీ విడమరచి చెప్పలేదు. సంతోషంగా ఉన్నవాడికి లెక్క చెప్పడం దేనికి?

అరవై అయిదులో ఆ సంతోషం కూడా పోయింది. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, చుక్క లేదు. ఆ తర్వాత పడిన కాసిని జల్లులకు జొన్న మొలిచి మాడిపోయింది. ఆగస్టు నెలాఖరుకు మామూలు వానలో సగమైనా పడని తాలూకాలను కరువు జాబితాలో చేరుస్తారని, చేరితే చౌకజొన్నల దుకాణం తెరుస్తారని, రోడ్డు పని పెడతారని కబురొచ్చింది. అంతయ్య పుస్తకం ప్రకారం సగానికి ఇంకా ముప్పై మిల్లీమీటర్లు తక్కువే. ముప్పై ఒకటో తారీఖు పొద్దున ఆఖరి లెక్క టెలిగ్రాఫు తారు కొట్టి పంపితే చాలు, ఊరి కుండల్లో జొన్న గటక ఉడుకుతుంది. లేకపోతే సగం ఊరు మూటాముల్లె కట్టుకొని బొగ్గుబాయిల దిక్కు పోవాల్సిందే.

అంతయ్యకు ఒక అక్క ఉంది, ఐలవ్వ. మొగుడు పోయినా రెండెకరాల చెలకను ఒంటిచేత్తో దున్నించుకునే మనిషి. ఆమె నోరంటే పటేలుకు కూడా భయమే. నెలాఖరుకు మూడు రోజుల ముందు ఆమె తమ్ముణ్ని నిలేసింది.

"తమ్మీ, గా డబ్బల పడ్డ నీళ్లు మీరేం జేస్తరు?"

అంతయ్యకు పరాచికమాడాలనిపించింది. "ఏం జేస్తం అక్కా, కొలిసి పట్నం తార్ కొడతం. ఆడికెళ్లి ఢిల్లీకి వోతది. డబ్బల ఎంతుంటె గంత వాన మనకు మంజూరైతది" అన్నాడు, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

"గంతేనా!" అంది ఐలవ్వ. ఇంకేమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే భయపడాలని యాభై ఏండ్లొస్తున్న అంతయ్యకు అప్పటికైనా తెలియాలి కదా! తెలియలేదు.

ముప్పయ్యో తారీఖు సాయంత్రం ఊళ్లో ఆడవాళ్లు వాన కోసం కప్పతల్లి ఆడారు. రోకలి నడుమ గుడ్డలో కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇద్దరు భుజాన మోస్తుంటే ఇంటింటి ముందూ ఆగి పసుపునీళ్లు పోయించుకుంటూ తిరిగారు. అంతయ్య కల్లు మండువలో కూర్చొని ఆ డప్పుల చప్పుడు విన్నాడు. రెండో ముంతలో ఉన్నప్పుడు చప్పుడు కచ్చేరి దిక్కు పోయింది. మూడో ముంతలో ఉన్నప్పుడు అక్కడే ఆగింది. ఆగితే ఆగిందిలే అనుకున్నాడు.

తెల్లవారింది. తహసీల్దారు సారు ఎనిమిదిన్నరకే డబ్బా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన పడుచువాడు, బి.ఎస్సీ. చదివాడు. రాత్రంతా ఆదిలాబాద్‌లో మీటింగులో ఉండి అప్పుడే జీపు దిగాడు. మనిషి నిజం చెప్పడు, యంత్రం అబద్ధం చెప్పదు అన్నది ఆయన సిద్ధాంతం. ఆయన వెనక గుమాస్తా మహమూద్ తారు కాగితం పట్టుకొని నిలబడ్డాడు.

అంతయ్య మూత తీశాడు. సీసా నిండా నీళ్లు!

గాజు గ్లాసులో ఐదుసార్లు పోసి కొలవాల్సి వచ్చింది. తొంభై ఆరు మిల్లీమీటర్లు.

"భలే! రాత్రి దంచి కొట్టినట్టుందే!" అన్నాడు తహసీల్దారు. "రాయి మహమూద్. మన తాలూకా కరువులో లేదు."

"పడలే సారూ! చుక్క గూడ పడలే!" అన్నాడు అంతయ్య.

"మరి ఇవేమిటి?"

"సాబ్, నేను మా ఇంటి ఆంగన్లనే, ఆరుబయట పండుకున్న. మంచం పట్టె గూడ తడువలే" అన్నాడు మహమూద్.

"మంచి నిద్రలో ఉండి ఉంటావు." తహసీల్దారు వంగి డబ్బా చుట్టూ చూశాడు. డబ్బా మొదట్లో జానెడు మేర తడి ఉంది. "ఇదిగో, నేల కూడా తడిసింది."

"మరి గా పక్క దుమ్ము లేస్తుంది గద సారూ!"

"అక్కడ పడలేదు. దీన్ని స్థానిక వర్షం అంటారు."

గరాటుకు వేపాకు అంటుకొని ఉంది. అది గాలికి కొట్టుకొచ్చిందన్నాడు. నీళ్లు లేత పసుపుగా ఉన్నాయి. అది మబ్బుల్లోని ధూళి అన్నాడు. చదువుకున్నవాడికి కారణాలకు కొదవా! బూట్ల మీద వేలెడు మందం దుమ్ముతో నిలబడి ఆ మహానుభావుడు నాలుగంగుళాల వానను నమ్మాడు.

అంతయ్యకు అంతా అర్థమైంది. డప్పుల చప్పుడు కచ్చేరి దగ్గర ఎందుకు ఆగిందో అర్థమైంది. తన పరాచికాన్ని అక్క నెత్తిన పెట్టుకొని వచ్చిందని అర్థమైంది.

"సరే, ఒక్క మాట చెప్పు," అన్నాడు తహసీల్దారు. "ఎవరో పోశారంటావు. గేటుకు తాళం ఉంది. తాళంచెవి నీ దగ్గరుంది. గోడ మనిషెత్తు. ఎట్లా వచ్చారు?"

అక్కడే చిక్కొచ్చిపడింది. తాళం వేశానంటే వాన పడ్డట్టే, ఊరికి జొన్నలు లేనట్టే. వేయలేదంటే తన ఉద్యోగానికి నీళ్లొదిలినట్టే. నోట్లో అబద్ధాలు సిద్ధంగానే ఉన్నాయి, ఎప్పుడూ ఉండేవే. కానీ చేతిలో ఆ పుస్తకం ఉంది.

"తాళమెయ్యలే సారూ," అన్నాడు. "నిన్న పొద్దుగూకంగ కల్లు మండువకు వోయిన. తాళం నా సంచిల్నే ఉండె. ఆడోళ్లు కప్పతల్లి ఆడుకుంట అచ్చి పోసిన్రు. తప్పు నాదే."

మహమూద్ తల పట్టుకున్నాడు. "అరె, పాగల్ అయినవా అంతయ్యా?" అని గొణిగాడు.

తహసీల్దారు మాత్రం నవ్వాడు. "డ్యూటీ వదిలి కల్లుకు పోయానని నీ నోటితో నువ్వే చెబుతున్నావంటే, దీని వెనక జొన్నలున్నాయి. ఊరివాళ్లు నీకేదో ముట్టజెప్పి చెప్పించారు. లేకపోతే ఊరి కోసం ఉద్యోగం పోగొట్టుకునే మనిషిని నేనింతవరకు చూడలేదయ్యా."

అంతయ్యకు ఆ మాటలో తప్పు కనిపించలేదు. అలాంటి మనిషిని అతనూ చూడలేదు. తానే తహసీల్దారై ఉంటే తన మాట తానే నమ్మేవాడు కాదు. జన్మకొక్క నిజం చెబితే అది కూడా అబద్ధం లెక్కలో పడిపోతుందా అని కడుపు మండిపోయింది. ఆ మంటలోనే రొండిన దోపుకున్న సున్నపు డబ్బీ లాగాడు.

"సారూ, మీరు సదువుకున్నోళ్లు. పసుపుల సున్నం కలిస్తె ఏమైతది?"

"ఎర్రబడుతుంది. పసుపుకు క్షారం తగిలితే..." అంటూ తహసీల్దారు మధ్యలో ఆగిపోయాడు.

అంతయ్య వేలితో ఇంత సున్నం తీసి గాజులో కలిపాడు. నీళ్లు ముందు నారింజ రంగుకు తిరిగాయి. చూస్తుండగానే ఎర్రగా, అచ్చం దిష్టి తీసే నీళ్లలా అయ్యాయి.

"ఏ మబ్బు పసుపు కలుపుకొని కురుస్తది సారూ? నీ మబ్బు పేరంటానికి వోయి అచ్చిందా?"

మహమూద్ నవ్వు ఆపుకోలేక తారు కాగితం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తహసీల్దారు గ్లాసును ఎండకు ఎత్తి చాలాసేపు చూశాడు. కాలేజీలో రెండేండ్లు చేసిన ప్రయోగం ఒక చప్రాసీ నడుములోంచి ఊడిపడింది కదా, సిగ్గు ముఖాన కనిపించింది. కానీ మనిషి చెడ్డవాడు కాదు. చూసినదాన్ని చూడలేదని అనలేకపోయాడు.

"రాయి. వాన సున్న."

"గాజుల తొంబై ఆరున్నది సారూ," అన్నాడు అంతయ్య. పదహారేండ్లుగా ఖాళీగా పడి ఉన్న రిమార్కుల గడిలో తానే రాశాడు: "గాజులో 96. వాన 0. నీళ్లలో పసుపు ఉన్నది." తారు పోయింది.

తహసీల్దారు అప్పుడు చెయ్యి చాపాడు. "తాళంచెవి ఇవ్వు. సున్న నిజమే, నువ్వు తాళం వేయకపోవడమూ నిజమే. మెమో ఇస్తాను. డబ్బా ఇకనుంచి మహమూద్ చూస్తాడు. నీ ఉద్యోగం సంగతి పైనుంచి జవాబు వచ్చాక."

అంతయ్య తాళంచెవి ఇచ్చి ఇంటికొచ్చి మంచం మీద వాలాడు. పదహారేండ్లు అబద్ధాలాడితే ఒక్క మెమో రాలేదు. ఒక్కపూట నిజం చెబితే ఉద్యోగానికే ఎసరొచ్చింది. దేవుడి లెక్కలు ఎవరు రాస్తారో గానీ గాజులో చూసి రాయడం లేదు అనుకున్నాడు. బాలవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

ఐలవ్వ పరుగెత్తుకుంటూ వచ్చింది. "నువ్వే గదరా మంజూరైతదంటివి! సర్కారు ఉన్నోనికే ఇంకింత ఇస్తది. మన డబ్బ ఖాళీగుంటె మనకేమిస్తదని పోసిన."

"పరాచికానికన్ననే అక్కా!"

"పరాచికమైతె నవ్వాలె. నువ్వు నవ్వకపోతివి!" అని ఆమె తమ్ముడి తల మీద చెయ్యి వేసింది. ఆమె కండ్లలో నీళ్లు చూసి అంతయ్యకు మెమో కంటే ఎక్కువ భయమేసింది.

నాలుగో రోజు జాబితా వచ్చింది. తాలూకా పేరు ఉంది. ఆ వారంలోనే జొన్నల లారీ దిగింది, దుకాణం తెరిచారు, రోడ్డు పనికి పేర్లు రాసుకున్నారు. ఊళ్లో ఎవరి ముఖం చూసినా తేటగా ఉంది, అంతయ్యది తప్ప. జొన్నలు దొరికాక చప్రాసీని ఎవడు తలచుకుంటాడు, ఊళ్లంటే ఇంతే అని అతను మంచం మీదే తేల్చేశాడు.

దుకాణం తెరిచిన మరునాడు పొద్దున ఊరి ఆడవాళ్లంతా కచ్చేరికి కదిలారు. బాలవ్వ మొగుణ్ని రెక్క పట్టి లేపుకొని వచ్చింది. ముందు ఐలవ్వ నడిచింది. దండం పెట్టడానికి వచ్చారనుకొని తహసీల్దారు వరండాలోకి వచ్చి చొక్కా సర్దుకున్నాడు.

"జొన్నలిప్పించినవు, సల్లగుండు బిడ్డా," అంది ఐలవ్వ. "ఇగ మా తమ్మునికి తాళంచెవియ్యి."

"అట్లా ఇవ్వకూడదమ్మా. రూల్సు ఉంటాయి."

"మాకు రూల్సు తెల్వయి సారూ. మాకు కప్పతల్లి తెలుసు. తాళంచెవి ఇయ్యకుంటె దినాం ఆడుతం, దినాం డబ్బల పోస్తం. గోడ మనిషెత్తే గదా, నిచ్చెనలు మాకున్నయి."

తహసీల్దారుకు నవ్వొచ్చింది. "పోయండి. ఆ రోజు సంగతి విన్నారుగా, పసుపు దొరికిపోతుంది."

"ఎందుకు దొరుకుతది సారూ?" అంది ఐలవ్వ. "ఈపారి పసుపెయ్యం."

తహసీల్దారు ఆ ఆడవాళ్లను, వాళ్ల వెనక తలొంచుకొని నిలబడ్డ అంతయ్యను మార్చి మార్చి చూశాడు. ఇలాంటి ఊళ్లో ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉండాలో తెలుసుకోవడానికి బి.ఎస్సీ. అక్కరలేదు. మహమూద్ దగ్గర తాళంచెవి తీసుకొని, "పైవాళ్లకు నేను రాసుకుంటానులే. రా అంతయ్యా, టైమవుతోంది" అన్నాడు.

అంతయ్య వెంటనే కదలలేకపోయాడు. మనుషుల గురించి తనకు తెలియనిది లేదనుకున్నవాడు, తన కోసం ఒక ఊరు కదిలి రావడం ఇంతవరకు చూడలేదు. కండువాతో ముఖం తుడుచుకొని పోయి తాళంచెవి అందుకున్నాడు.